కాటా ఎక్కనిదే కుదరదండి

పి.గన్నవరం అక్విడెక్టు దిగి లంకల వైపు వెళ్ళే రోడ్డులో ఎవర్నయినా ఆపి, "కరుణగారి ఇల్లెక్కడండీ?" అని అడగండి. "ఏ కరుణగారండీ?" అంటారు. హెలికాప్టర్లు బాగుచేసే కరుణ అని చెప్పండి. అప్పుడు మొహమంతా నవ్వు చేసుకుని, "ఓహో, కుదరదండిగారా! తిన్నగా వెళ్ళండి" అని చెయ్యి చూపిస్తారు. ఆ పేరు ఎలా వచ్చిందో మాత్రం ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు, అందులో సగం శుద్ధ అబద్ధం. పెళ్ళికూతుర్ని హెలికాప్టర్‌లోంచి చెయ్యి పట్టుకుని ఈడ్చేసిందని ఒకడంటాడు. రాంబాబుగారి మీద చెయ్యి చేసుకుందని ఇంకొకడు. గాడిద గుడ్డేం కాదూ! ఆవిడ ఆరోజు ఎవరి మీదా గొంతు కూడా పెంచలేదు. జరిగింది జరిగినట్టు ఎవడికీ రుచించదు, అదీ మన జనం సంగతి.

కరుణ తండ్రి మత్తయి. రాంబాబుగారి తోటల్లో కొబ్బరికాయలు ఒలిచి ఒలిచి అరచేతులు బండబారిపోయిన మనిషి. వయసు మీదపడ్డాక రాంబాబుగారే ఆయన్ని కొబ్బరి కొట్టు దగ్గర కాపలాకి పెట్టారు. మాట మెత్తన, మనిషి ఇంకా మెత్తన. మా వైపు అవునండీ అనడానికి 'ఆయ్' అనడం మర్యాదే. మత్తయి నోట్లో మాత్రం అది మర్యాద దాటి ఊపిరైపోయింది. లోడు ఎత్తాలి మత్తయ్యా అంటే ఆయ్. కూలి వచ్చేవారం ఇస్తాంలే అంటే ఆయ్. ఆదివారం పూట చర్చిలో మోకాళ్ళ మీద ఉండగా, లారీ వచ్చిందని రాంబాబుగారి మనిషి కిటికీలోంచి తొంగి చూసి సైగ చేస్తే, ప్రార్థన మధ్యలో లేచి కండువా దులుపుకుని వెళ్ళిపోయేవాడు. పక్కన భార్య దానమ్మ తలొంచుకునేది. కొత్త గౌను వేసుకుని వెనక వరసలో కూర్చున్న కరుణకి ఒళ్ళు మండిపోయేది.

"కుదరదని చెప్పొచ్చు కదా నాన్నా?" అని ఓసారి అడిగేసింది.

మత్తయి వింతగా చూశాడు. "మనకి కుదరకపోవడం ఏంటమ్మా?" అన్నాడు.

ఆ జవాబు ఆ పిల్ల గొంతులో ముల్లులా ఉండిపోయింది. రాజోలు మిషన్ బడిలో చదివినా, పాలిటెక్నిక్‌లో మగపిల్లల మధ్య ఒక్కత్తే ఇంజన్లు విప్పినా, హైదరాబాదు వెళ్ళి విమానాల మరమ్మతు నేర్చుకున్నా, ఆ ముల్లు అక్కడే ఉంది. కేంద్ర ప్రభుత్వం వాళ్ళ లైసెన్సు పరీక్షలో ఒక పేపరు పోయింది, మళ్ళీ పోయింది. "ఆడపిల్లకి ఈ గ్రీజు పనులెందుకు, టీచరు ట్రైనింగు చెయ్యచ్చు కదా" అని చుట్టాలందరూ తలో రాయీ వేశారు. కరుణ వాళ్ళందరికీ టీ ఇచ్చి, వాళ్ళు వెళ్ళాక పుస్తకం తీసింది. లైసెన్సు వచ్చింది. చిన్న హెలికాప్టర్లు అద్దెకి తిప్పే ఒక కంపెనీలో ఉద్యోగమూ వచ్చింది.

చిన్న హెలికాప్టరంటే ఏమిటో కాస్త చెప్పాలి. ఒకటే ఇంజను, నాలుగు సీట్లు, గాజుబుడ్డి లాంటి ముందు భాగం. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, కానీ మొహమాటం బొత్తిగా తెలీదు. ఇంత బరువుకి లేస్తాను, అంతకు మించితే లేవను, ఎండెక్కువుంటే ఇంకా తక్కువే మొయ్యగలను అంటుంది. ఆ లెక్క తయారుచేసినవాళ్ళు రాసిపెడతారు, దాన్ని దాటకూడదని ప్రభుత్వం చట్టం చేసింది. ఎక్కే ప్రతి మనిషి బరువూ, సామాను బరువూ, పోసిన ఇంధనమూ కాగితం మీద కూడాలి. కూడినవాళ్ళు సంతకం పెట్టాలి, ఒప్పుకున్నానని పైలట్ పెట్టాలి. అవి రెండూ లేనిదే రెక్క తిరగడానికి వీల్లేదు. కరుణ వెళ్ళిన ప్రతి చోటా ఆ మొదటి సంతకం కరుణదే.

వైశాఖంలో రాంబాబుగారు కూతురు లక్ష్మీదుర్గ పెళ్ళి చేశారు. పెళ్ళికొడుకు ఆదిత్యది వశిష్ఠ గోదావరి అవతల, నరసాపురం వైపు. కారులో వెళితే సఖినేటిపల్లి రేవులో బండ్లని ఏరు దాటించే పంటు కోసం పడిగాపులు పడాలి. అదేం ఖర్మ, మా పిల్ల గాల్లో వెళుతుంది అని రాంబాబుగారు హెలికాప్టర్ మాట్లాడారు. అమలాపురంలో కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి అనుమతి తెచ్చారు. కోత కోసేసిన చేలో సున్నంతో గుండ్రంగా గీయించి, ఫైరింజన్ని పిలిపించి, గట్టు చుట్టూ తాడు కట్టించారు. సామాను తీసుకెళ్ళొచ్చా అని ముందే అడిగారు కూడా. "చిన్న బ్యాగ్ అయితే ఫర్వాలేదండి" అన్నాడు ఫోన్లో కంపెనీ కుర్రాడు. చిన్న అంటే కోనసీమలో ఎంతుంటుందో హైదరాబాదులో కూర్చున్నవాడికి ఏం తెలుసు పాపం!

హెలికాప్టర్ గాల్లో వస్తే, ఇంధనం వ్యానులో రోడ్డు మీద వచ్చిన కరుణకి తను పుట్టిన ఊరికే పనిమీద రావడం అదే మొదలు. మత్తయి ఉతికిన చొక్కా వేసుకుని తాడు దగ్గర నుంచుని, "ఆ టోపీ పెట్టుకున్నది మా అమ్మాయేనండి" అని వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పుకుంటున్నాడు.

మధ్యాహ్నం ఎండ చిటపటలాడుతోంది. ఇంధనం పోయించి, మూతలు బిగించి, తోక వైపు అంతా తడిమి చూసుకుని కరుణ ముందుకి వచ్చేసరికి ఏముంది! హెలికాప్టర్ సామాను అర మూత పడటం లేదు. కాజాల బిందె, సున్నుండల బిందె, పూతరేకుల బుట్టలు. పైలట్ కాళ్ళు పెట్టే చోట పసుపురాసిన అరటి గెల. వెనక సీటు కింద కొబ్బరి గెల. ఆ సీటులో కుడివైపు నిండుగా, ఒళ్ళో లడ్డూల డబ్బాతో, చీరకుచ్చెళ్ళు సర్దుకుని భవానీదేవిగారు. రాంబాబుగారికి అక్క, పెళ్ళికూతురికి మేనత్త. పిల్లకి తోడుగా వెళుతున్నది ఆవిడే. సారె పిల్లతోపాటే అత్తవారి గడప దాటాలని, ఇవన్నీ దగ్గరుండి ఎక్కించింది కూడా ఆవిడే. ఇంతా జరుగుతుంటే పైలట్ కెప్టెన్ శివాజీగారు ఏం చేస్తున్నట్టు? పందిట్లో విస్తరి ముందు ఇరుక్కుపోయి, ఇంకొక్క బొబ్బట్టండీ అంటే కాదనలేక తింటున్నారు.

కరుణ అరటి గెల తీసి గట్టు మీద పెట్టింది. తర్వాత కాజాల బిందె దింపింది.

"ఏవే పిల్లా, ఏం చేస్తున్నావే?" అన్నారు భవానీదేవిగారు లోపల్నించి.

"బరువెక్కువైందండి. ఇవి రావండి."

అంతే, తాడు అవతల గుప్పుమంది. సారె దింపేస్తున్నార్ట! రాంబాబుగారు పట్టుపంచె ఎగ్గట్టుకుని చేలో పడి వచ్చారు. కరుణని ఎగాదిగా చూశారు.

"నువ్వు మా మత్తయిగాడి కూతురివి కదూ?"

"ఆయ్. మత్తయిగారి అమ్మాయినండి" అంది కరుణ.

ఆ 'గారు' చేలో అందరికీ వినపడింది. తాడు దగ్గరున్న మత్తయికి చెమటలు పట్టాయి.

"సరే, ఎవరైతేనేం. అవి లోపల పెట్టించు. శుభమా అని పిల్లని పంపుతుంటే సారె కింద పెడతావా? ఊళ్ళో తలెత్తుకోవద్దూ?"

"వ్యానులో పంపండి, పంటు దాటి రాత్రికి చేరిపోతాయండి. దీన్లో కుదరదండి. చుట్టూ కొబ్బరిచెట్లున్నాయండి, ఇది పరుగెత్తి లేవదు, నిలువునా లేవాలి. ఈ ఎండలో ఇంత బరువుతో చెట్ల తల దాటదండి."

"అన్నీ కలిపి ఎంతుంటాయి? నాలుగు కాజాలూ నాలుగు లడ్డూలూ! పది నిమిషాల ప్రయాణం!"

"పడిపోడానికి పది నిమిషాలక్కర్లేదండి."

అమ్మో, ఆ మాటకి రాంబాబుగారు అగ్గి మీద గుగ్గిలమైపోయారు. శుభకార్యంలో అపశకునం మాటలా! అప్పటికప్పుడు హైదరాబాదుకి ఫోన్ కొట్టి, కంపెనీ మేనేజరుని నాలుగూ దులిపి, ఫోన్ కరుణ చేతిలో పెట్టారు.

"మేడం, పెద్ద పార్టీ అది. కాస్త సర్దుకోండి" అన్నాడు మేనేజరు.

"సర్దుకోడానికి ఇది ఆర్టీసీ బస్సు కాదండి."

"పొద్దుగూకితే మళ్ళీ ఎగరడానికి రూల్ ఒప్పుకోదు, మీకు తెలుసు. డబ్బు వెనక్కివ్వాల్సొస్తుంది. సంతకం పెట్టెయ్యండి. పెట్టకపోతే రేపట్నించి మీరు రానక్కర్లేదు."

 ఊళ్ళో కట్టుకుంటున్న ఇల్లు, దానమ్మ మందులు, రెండుసార్లు పోయి మూడోసారి పాసైన ఆ పరీక్ష, అన్నీ కరుణ కళ్ళ ముందు తిరిగాయి. భయం వెయ్యలేదని ఎవరైనా అంటే నమ్మకండి. 

"ఆయ్, సరేనండి. రేపట్నించి రాను" అంది. "ఇవాళ మాత్రం ఇక్కడే ఉన్నాను కదండీ."

ఫోన్ తిరిగిచ్చేసింది. ఈలోగా శివాజీగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. మంచి పైలటే గానీ, విస్తట్లో అంత మర్యాద చేసినవాళ్ళని కాదనడం ఆయన వల్ల కాలేదు. రాంబాబుగారి వైపు చూశారు, కరుణ వైపు చూశారు, ఆఖరికి తన బూట్ల వైపు చూశారు. "ఆవిడ సంతకం పెడితే నేనూ పెడతానండి" అన్నారు. ఎంత తెలివో చూశారా! బరువంతా తెచ్చి ఆవిడ నెత్తిన పెట్టేశాడు.

"మత్తయ్యా!" అని కేకేశారు రాంబాబుగారు. "నువ్వయినా చెప్పవయ్యా నీ కూతురికి!"

మత్తయి తాడు కిందనుంచి దూరి వచ్చాడు. చేతులు నలుపుకుంటూ కూతురి ముందు నుంచున్నాడు. "అమ్మా, ఆయన మాట ఎప్పుడూ కాదన్లేదు మనం. ఇంతమందిలో ఎందుకమ్మా ఇది? ఆ పిల్లని చంటిదానిగా ఉన్నప్పుడు నేనెత్తుకుని తిప్పేనే. దాని పెళ్ళిలో నీవల్ల గొడవ రాకూడదమ్మా."

పొద్దుట్నుంచీ ఎవరేమన్నా తొణకని కరుణకి అప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన తండ్రే తనని తల వంచమంటున్నాడు. కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

"నువ్వెత్తుకుని తిప్పిన పిల్ల కాబట్టే వద్దంటున్నాను నాన్నా" అంది.

మత్తయి తల పైకెత్తాడు. హెలికాప్టర్‌నీ, పైనున్న కొబ్బరి తలల్నీ మార్చి మార్చి చూశాడు.

"కొట్లో కాటా ఉంది కదా నాన్నా. తీసుకురా. ఇక్కడే అందరి ముందూ తూద్దాం."

ఎండిన కొబ్బరికురిడీ బస్తాలు తూచే కాటా అది, రాంబాబుగారిది. మత్తయి ఆయన వైపు చూడలేదు, తీసుకురానా అని అడగలేదు. మొలతాడుకున్న తాళంచెవి తీసుకుని గబగబా కొట్టు వైపు నడిచాడు. అడక్కుండా ఆ తలుపు తీయడం ఆయన పుట్టాక అదే మొదటిసారి. ఇద్దరు కూలీల సాయంతో కాటాని మోసుకొచ్చి సున్నం గీత పక్కన దించాడు.

ముందు కరుణే ఎక్కి దిగింది, కాటా సరిగ్గా చూపిస్తోందో లేదో చూడటానికి. తన బరువు తనే పైకి చదివింది. తాడు అవతల ఎవరో కిసుక్కుమన్నారు. "నవ్వండి, ఫర్వాలేదండి" అంది. తర్వాత శివాజీగారు ఎక్కారు. బొబ్బట్ల మహిమ ఆయనకి స్పష్టంగా తెలిసొచ్చింది.

"పెళ్ళికూతుర్ని కాటా ఎక్కిస్తారా! ఎక్కడైనా ఉందా!" అని ఆడవాళ్ళు ముక్కున వేలేసుకుంటూ ఉండగానే, లక్ష్మీదుర్గ పట్టుచీర మడమల పైకి పట్టుకుని గట్టు దిగి వచ్చేసింది. నగలతో సహా కాటా మీద నుంచుంది.

"ఎంతక్కా?" అంది.

కరుణ చెప్పింది. "నగలే సగం ఉన్నాయనుకుంటాను" అని ఆ పిల్ల నవ్వి, పెళ్ళికొడుకు వైపు చూసింది. ఆదిత్య ఊపిరి బిగబట్టి ఎక్కాడు. ఊపిరి బిగబడితే బరువు తగ్గుతుందని ఏ మహానుభావుడు చెప్పాడో మరి.

ఇక మిగిలింది భవానీదేవిగారు.

"నేనా? నన్ను కొబ్బరి బస్తాలాగ తూస్తావుటే? నా బరువెంతని నన్ను కట్టుకున్నాయనే అడగలేదు, నువ్వడుగుతావా?"

"అడగాలండి. కాటా ఎక్కనిదే హెలికాప్టర్ ఎక్కడం కుదరదండి."

"ఎక్కను. ఏం చేస్తావ్?"

"ఏం చెయ్యనండి. మీరు దిగేదాకా ఈ కాగితం ఇలాగే ఖాళీగా ఉంటుందండి."

పొద్దు పడమటికి వాలుతోంది. అవతల గృహప్రవేశం ముహూర్తం. రాంబాబుగారు అక్క దగ్గరికి వెళ్ళి చెవిలో ఏదో చెప్పారు, ఆవిడ కస్సుమంది. ఆఖరికి, "నీ పెళ్ళికి రావడం నాదే బుద్ధితక్కువ!" అని ఎవర్ని తిడుతోందో ఎవరికీ తెలియకుండా తిట్టి, లడ్డూల డబ్బాతో సహా దిగింది. గట్టు మీద కుర్చీలో కూలబడి మొహం అటు తిప్పుకుంది. "తోడు లేకుండా, సారె లేకుండా, అనాథ పిల్లని పంపినట్టు పంపుతున్నార్రా దేవుడా" అని చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

ఆవిడ ఏడుపు నిజం. కరుణకి అది గుచ్చుకుంది. అయినా కొబ్బరి గెల కూడా బయటికి లాగి, అంకెలు కూడి, ఎండకి తగ్గించాల్సింది తగ్గించి, సంతకం పెట్టింది. శివాజీగారు పెట్టారు.

రెక్క తిరిగింది. గడ్డీ దుమ్మూ లేచి పందిరి గుడ్డలు కొట్టుకున్నాయి. ముగ్గురితో హెలికాప్టర్ నిలువునా లేచింది. జనం చప్పట్లు కొట్టారు. కొబ్బరి తలల ఎత్తుకి వెళ్ళి, కాస్త దాటి, కాలవ వైపు తిరగబోతుండగా గోదావరి మీంచి వేడిగాలి ఒక్క విసురు విసిరింది. హెలికాప్టర్ చటుక్కున కిందికి జారింది.

చప్పట్లు ఆగిపోయాయి. మొహం అటు తిప్పుకున్న భవానీదేవిగారు కూడా ఇటు తిరిగారు. కింద కొబ్బరి కమ్మలు పిచ్చెత్తినట్టు ఊగాయి. ఎండుమట్ట ఒకటి విరిగి పడింది, కాయలు దబదబా రాలాయి. దాని కాళ్ళకీ చెట్టు తలకీ మధ్య ఎంత సందుందో చూసినవాళ్ళు ఈనాటికీ చేతులు పెట్టి చూపిస్తారు, ఒక్కళ్ళ చేతులూ ఎక్కువ ఎడం ఉండవు. రాంబాబుగారు "దుర్గా!" అని అరిచిన అరుపు ఇంజను మోతలో ఎవరికీ వినిపించలేదు. ఇంజను గొంతు పెంచింది. మొయ్యగలిగినంతే మోస్తోంది కాబట్టి పుంజుకుంది. మెల్లగా పైకి లేచి, కాలవ దాటి, గోదావరి వైపు వెళ్ళిపోయింది.

రాంబాబుగారు చేలో మోకాళ్ళ మీద కూలబడ్డారు. చేరేమని కూతురు ఫోన్ చేసేదాకా ఆయన లేవలేదు, ఎవరూ కదపలేదు. ఫోన్ పెట్టేశాక కళ్ళు తుడుచుకుని కరుణ దగ్గరికి వచ్చారు.

"మీ మేనేజరుతో నేను మాట్లాడతానమ్మా. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు, నాదీ పూచీ" అన్నారు.  కరుణ వ్యాను మెట్టు మీద కూర్చుని రాసుకుంటోంది. "ఏంటమ్మా రాస్తున్నావు?"

"విమానాల భద్రత చూసే ప్రభుత్వం వాళ్ళకండి. బరువెక్కువని తెలిసీ సంతకం పెట్టమన్నారని, పెట్టనంటే ఉద్యోగం తీసేస్తానన్నారని."

"ఇంకెందుకమ్మా అదంతా? ఏం కాలేదు కదా!"

"ఏం కాలేదు కాబట్టే రాస్తున్నానండి. అయ్యుంటే రాసేది నేను కాదు కదండీ, పోలీసులు."

ఆయన అటూ ఇటూ చూశారు. "నా పేరు కూడానా?"

"ఆయ్. ఉన్నదున్నట్టు రాయాలండి."

రాంబాబుగారి మొహం మళ్ళీ మాడింది. కూతురు బతికి ఉండటం వేరు, ఢిల్లీ దాకా పేరెక్కడం వేరు. "చూడమ్మా, మేం ఎంత మర్యాదగా..." అని మొదలుపెట్టారు. చుట్టూ ఉన్న పెద్దమనుషులు నలుగురూ, అవునమ్మా, పెళ్ళింట్లో ఇలాంటివెందుకు, చింపెయ్యి అంటూ దగ్గరికి చేరారు. మత్తయి ఒక్కడే వచ్చి కూతురి పక్కన నుంచున్నాడు.

అప్పుడు గట్టు మీద కుర్చీ కిర్రుమంది. భవానీదేవిగారు లేచారు. లడ్డూల డబ్బా కుర్చీలో పెట్టి, చెంగు నడుముకి దోపుకుని, పెద్దమనుషుల్ని మోచేత్తో పక్కకి నెట్టుకుంటూ చేలోకి వచ్చారు. ఎవర్నీ పలకరించకుండా తిన్నగా వెళ్ళి కాటా ఎక్కారు.

"చూడవే" అంది కరుణతో.

కరుణ లేచి వచ్చి చూసింది. "తొంభై ఆరండి" అంది మెల్లగా.

"గట్టిగా చెప్పు. అందరూ వినాలి."

"తొంభై ఆరు కేజీలండి!"

"ఆ. అది రాయి. ఈ తొంభై ఆరు కేజీల మనిషినీ, ఆ బిందెల్నీ, ఆ గెలల్నీ కలిపి పెళ్ళికూతురి పక్కన కుక్కేమని రాయి. ఎక్కించింది ఎవరంటే భవానీదేవి అని రాయి. ఎవడు చింపమంటాడో నేనూ చూస్తాను."

"అక్కా, అది కాదే..." అన్నారు రాంబాబుగారు.

ఆవిడ కాటా దిగలేదు. అక్కడే నడుం మీద చెయ్యి పెట్టి తమ్ముడి వైపు తిరిగింది.

"నువ్వు నోర్ముయ్" అంది.